బిజినెస్ ప్లాన్ ఎలా రాసుకోవాలి: రొయ్యల పచ్చడి లెక్కతో మొదటి నుంచి చివరిదాకా

"అన్నా, లోనుకి వెళ్తే ప్రాజెక్టు రిపోర్టు తెమ్మన్నారు. ఎక్కడ చేయించుకోవాలి?" నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి... ఎక్కడి నుంచి ఫోను వచ్చినా మొదటి ప్రశ్న ఇదే. ఎవరి దగ్గర చేయించుకోవాలో చెప్పడం నాకు ఒక్క నిమిషం పని. కానీ దాన్ని మీరే రాసుకోండని పట్టుబడతాను. ఎందుకో చెప్తాను.

2013లో నేనూ మా బావా కలిసి కావలి దగ్గర మినరల్ వాటర్ ప్లాంటు పెట్టాం. మూడు వేలిచ్చి ఒక ఆఫీసులో రిపోర్టు చేయించాం. అందులో పన్నెండు నెలలకీ ఒకటే అమ్మకం రాసి ఉంది. మే నెలలో అడిగినవాళ్ళకి నీళ్ళు అందించలేకపోయాం. అక్టోబరులో వానలు పట్టుకున్నాక అమ్మకం సగానికి పడిపోయింది. 300 క్యాన్లు కొంటే ఏడాది తిరిగేసరికి మా దగ్గర మిగిలినవి 180. పోయిన క్యాన్ల ఖర్చుకి ఆ రిపోర్టులో అసలు వరసే లేదు. ఆ కాగితాలతో లోను వచ్చింది, రెండేళ్ళకి ప్లాంటు మూతపడింది. ఆ లెక్క మేమే వేసుకుని ఉంటే వానాకాలం కిస్తీలకి వేసవిలోనే డబ్బు పక్కన పెట్టేవాళ్ళం. ఇప్పటికీ నాకు బాధ కలిగించే విషయం అదొక్కటే.

బిజినెస్ ప్లాన్ అంటే ఏమిటో ఎక్కువ చెప్పను. ఏం అమ్ముతారు, ఎవరు కొంటారు, ఒక్కోదానికి ఎంత ఖర్చవుతుంది, మొత్తం ఎంత డబ్బు కావాలి, అది ఏ నెలలో పోయి ఏ నెలలో తిరిగొస్తుంది. ఈ ఐదింటికి అంకెలతో రాసిన జవాబే ప్లాన్. బ్యాంకు అడిగే ప్రాజెక్టు రిపోర్టు దానికి తొడిగిన చొక్కా. లోను అక్కర్లేనివాళ్ళకీ ప్లాన్ కావాలి. పార్ట్‌నర్ ఉంటే ఇంకా కావాలి. పదేళ్ళుగా నడుస్తున్న కంపెనీ రెండో బ్రాంచి పెట్టాలన్నా, కొత్త మెషిన్ కొనాలన్నా ఇదే లెక్క మళ్ళీ వేసుకోవాలి.

ఉదాహరణకి నెల్లూరు పక్కన ఇందుకూరుపేట వైపు రొయ్యల పచ్చడి తయారీ యూనిట్ తీసుకుందాం. చుట్టూ రొయ్యల చెరువులే కాబట్టి అందరికీ తట్టే ఆలోచన. ధరలన్నీ లెక్క చూపించడానికి నేను వేసినవి. మీ అంకెలు మీరు కనుక్కుని వేసుకోవాలి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఒక పొడుగాటి నోటుబుక్కు, క్యాలిక్యులేటర్. ఎక్సెల్ వస్తే మంచిదే, రాకపోయినా ఇబ్బంది లేదు.
- తెలుగు క్యాలెండర్. పండగలు, మాసాలు చూడటానికి. నవ్వకండి, దీని పని ఆరో మెట్టులో ఉంది.
- కొనబోయే ప్రతి వస్తువుకీ ఇద్దరు డీలర్ల నుంచి కొటేషన్, జీఎస్టీ నంబరు ఉన్నది.
- మీ బ్యాంకు ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్. సిబిల్ స్కోరు, అంటే పాత అప్పులు ఎలా తీర్చారో చూపే అంకె, కూడా ముందే చూసుకోండి. పాత బైకు లోను కిస్తీ ఎగ్గొట్టిన సంగతి బ్యాంకులో కూర్చున్నాక తెలియడం మంచిది కాదు.
- పది రోజుల టైము. ఒక్క రాత్రిలో రాసిన ప్లాన్‌లో సొంత అంకెలు ఉండవు.

1. ముందు నాలుగు వాక్యాలు రాయండి

"ఇందుకూరుపేటలో 250 గ్రాముల సీసాల్లో రొయ్యల పచ్చడి చేసి, నెల్లూరు టౌనులో స్వీట్ షాపులకీ సూపర్ మార్కెట్లకీ సీసా 300 చొప్పున ఇస్తాను. షాపువాళ్ళు 400కి అమ్ముకుంటారు. నెలకి 600 సీసాలు నా లక్ష్యం. నేనూ ఇద్దరు పనివాళ్ళూ ఉంటాం."

ఇంతే. "నాణ్యమైన ఉత్పత్తులతో వినియోగదారుల మన్ననలు పొందడం మా ధ్యేయం" లాంటి వాక్యాలు రాయకండి. బ్యాంకు మేనేజరు వాటిని చదవరు, మీకూ పనికిరావు.

2. కొనేవాళ్ళ దగ్గరికి వెళ్ళి చూసి రండి

చుట్టాలని అడగకండి. రుచి చూసిన ప్రతి చుట్టమూ "అదిరింది, పెట్టెయ్" అంటారు. ప్రేమ కొద్దీ అంటారు, తప్పు కాదు. కానీ దాని మీద లోను తీసుకోకూడదు.

కనీసం ఇరవై షాపులకి వెళ్ళండి. ట్రంకు రోడ్డు, మాగుంట లేఅవుట్, బస్టాండు దగ్గరి షాపులు, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం. "నా పచ్చడి పెట్టుకుంటారా?" అని అడగొద్దు, మొహమాటానికి సరే అంటారు. ఇలా అడగండి: ఇప్పుడు ఎవరి పచ్చడి పెట్టారు? నెలకి ఎన్ని పోతాయి? మీకు ఎంత మిగులుతుంది? డబ్బులు ఎన్ని రోజులకి ఇస్తారు? పాడైతే ఎవరు భరిస్తారు? ఈ చివరి రెండు ప్రశ్నల జవాబులు ప్లాన్ మొత్తాన్ని మార్చేస్తాయి. షాపు పేరు, తేదీ, జవాబు అప్పుడే రాసుకోండి.

అన్నిటికంటే గట్టి పరీక్ష, లోనుకి ముందే ఓ యాభై సీసాలు చేసి నిజంగా డబ్బులకి అమ్మడం. దానికి ముందు ఆహార భద్రతా సంస్థ దగ్గర ఫుడ్ రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించుకోండి. మొదటిసారి కొన్నవాళ్ళలో ఎంతమంది రెండోసారి అడిగారో రాసుకోండి. నేను అన్నిటికంటే నమ్మేది ఆ అంకెనే.

ఈ రోజు కొనేవాడు ఐదేళ్ళ తర్వాత కూడా కొంటాడా అన్నది కూడా ఇక్కడే ఆలోచించండి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్న తరాలున్నాయి. పిల్లల చేతుల్లోకి నోటుబుక్కులు వచ్చాక ఆ పరిశ్రమ ఇళ్ళ గోడలకీ నేలకీ వేసే డిజైన్ పలకల వైపు తిరగాల్సి వచ్చింది. రాయి అదే, కొనేవాళ్ళు మారారు.

3. ఒక్క సీసాకి అసలు ఖర్చు ఎంతో కట్టండి

నా దగ్గరికి వచ్చిన ప్లాన్‌లలో ఎక్కువ భాగం కూలిపోయింది ఇక్కడే. కాబట్టి నిదానంగా చేద్దాం.

20 కేజీల వనామీ (చెరువుల్లో పెంచే రకం) రొయ్యలు తెచ్చారనుకోండి. తల తీసి, తోలు వలిచి, నరం లాగేసరికి మిగిలేది సుమారు సగం, అంటే 10 కేజీలు. ఉప్పు, పసుపు పట్టించి వేయించేటప్పుడు నీరంతా పోయి అది 6 కేజీల దగ్గరికి వస్తుంది. దానికి నూనె, కారం, వెల్లుల్లి, అల్లం, మసాలా, నిమ్మరసం ఇంకో 6 కేజీలు కలిస్తే మొత్తం 12 కేజీల పచ్చడి. అంటే 48 సీసాలు.

- రొయ్యలు 20 కేజీలు, కేజీ 320 చొప్పున: 6,400
- వలిచే కూలి, కేజీకి 25: 500
- నూనె 5 కేజీలు: 750
- కారం, అల్లం వెల్లుల్లి, మసాలా, నిమ్మకాయలు: 850
- గ్యాసు: 300
- ఇద్దరు పనివాళ్ళ కూలి: 1,000
- సీసాలు, మూతలు, లేబుళ్ళు, అట్టపెట్టెలు 48, ఒక్కోటి 15: 720

మొత్తం 10,520. దాన్ని 48తో భాగిస్తే సీసాకి 219 రూపాయలు. షాపుకి 300కి ఇస్తే మిగిలేది 81.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు చూడండి. 20 కేజీల రొయ్యకి 20 కేజీల పచ్చడి వస్తుందని కడతారు. అప్పుడు 80 సీసాలు, అదనపు సీసాల ఖర్చు కలిపినా సీసాకి 138కి మించదు, 162 మిగులుతుంది అనిపిస్తుంది. నిజంగా మిగిలేది అందులో సగం. కాగితం మీద లాభం కనబడి, గల్లాపెట్టెలో డబ్బు కనబడకపోవడానికి ఇలాంటి తరుగే కారణం.

మీ వ్యాపారంలో తరుగు వేరే చోట ఉంటుంది. గానుగ నూనె అయితే వేరుశనగ పప్పులోంచి వచ్చే నూనె శాతం, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే వచ్చేదెంత. చీమకుర్తి వైపు గ్రానైటు పాలిషింగ్ యూనిట్ అయితే కోతలో పోయే రాయి, విరిగే పలకలు. ఉదయగిరి చెక్క గరిటెలైతే పగుళ్ళు వచ్చి పక్కన పడేసేవి. టైలరింగ్ షాపు, మెకానిక్ షాపు లాంటి సేవల వ్యాపారంలో తరుగంటే ఖాళీగా గడిచే గంటలు. ఎనిమిది గంటలు షాపు తెరిస్తే ఐదు గంటలే పని ఉంటుందని కట్టండి.

జాగ్రత్త: ఈ తరుగుని మీ చేతులతో, మీ తక్కెట మీద తూచి రాసుకోండి. కనీసం మూడుసార్లు చేసి, వాటిలో అన్నిటికంటే తక్కువ సరుకు చేతికొచ్చినప్పటి లెక్కని ప్లాన్‌లో వేయండి. కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) మారితే, వేయించే తీరు మారితే లెక్క మారుతుంది.

4. అమ్మినా అమ్మకపోయినా అయ్యే ఖర్చు

అద్దె 8,000, కరెంటు 3,000 (ఫ్రీజరు రాత్రంతా తిరగాలి), ఆటో కిరాయి, పెట్రోలు 5,000, ఫోను, చిల్లర 2,000, మీ జీతం 15,000. మొత్తం 33,000.

మీ జీతం రాయకుండా వదిలేయకండి. "నా షాపులో నాకు జీతమేంటి" అంటారు. ఇంట్లో బియ్యానికీ పిల్లల ఫీజుకీ డబ్బు ఎక్కడి నుంచో రావాలిగా! రాయకపోతే అది లోను డబ్బులోంచి వస్తుంది, మీకు తెలియకుండానే. అలాగే అమ్మ, భార్య, తమ్ముడు ఊరికే చేసే పనికీ బయటి మనిషికి ఇచ్చేంత కూలి రాయండి. వాళ్ళకి ఒంట్లో బాగాలేని రోజున బయటి మనిషినే పెట్టాలి.

దీనికి లోను కిస్తీ కలపండి. 5 లక్షలు, 11 శాతం వడ్డీ, ఐదేళ్ళు అయితే నెలకి దాదాపు 10,870. మొత్తం 43,870.

ఇప్పుడు భాగించండి: 43,870 ÷ 81 = 542 సీసాలు. నెలకి 542 సీసాలు అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఈ అంకెని పెద్ద అక్షరాలతో గోడ మీద రాసి పెట్టుకోండి. రెండో మెట్టులో తిరిగిన ఇరవై షాపులు కలిపి నెలకి అన్ని సీసాలు తీసుకోగలవా అన్నది ఇప్పుడే చూడాలి. తీసుకోలేవనిపిస్తే యూనిట్ చిన్నది చేయండి, లేదా అద్దె గది మానేసి ఇంటి వెనక విడిగా ఒక గది కట్టుకుని మొదలుపెట్టండి.

5. మొత్తం ఎంత డబ్బు కావాలి

- స్టవ్‌లు, గిన్నెలు, స్టీలు బల్లలు, డీప్ ఫ్రీజరు, తూకం, సీలింగ్ మెషిను: 2,10,000
- గదికి టైల్స్, దోమల మెష్, నీళ్ళు పోయే దారి: 90,000
- లైసెన్సులు, ల్యాబు పరీక్ష, లేబుల్ డిజైను: 25,000
- అద్దె అడ్వాన్సు: 40,000
- చేతిలో తిరగాల్సిన డబ్బు, అంటే వర్కింగ్ క్యాపిటల్: 2,65,000

మొత్తం 6,30,000. మీది 1,30,000, లోను 5,00,000.

చివరి వరస చూసి "అంతెందుకు, సరుకు అమ్మితే డబ్బులొస్తాయిగా" అంటారు. రొయ్యలు అమ్మేవాళ్ళు పొద్దున్నే నగదు అడుగుతారు. షాపువాళ్ళు 45 రోజులకి ఇస్తారు. 600 సీసాలకి సరుకు ఖర్చు 1,31,400, నెల ఖర్చులూ కిస్తీ 43,870, కలిపితే 1,75,270. మొదటి రూపాయి చేతికొచ్చేలోపు ఇలా నెలన్నర గడవాలి. అందుకే రెండు లక్షల అరవై ఐదు వేలు. మెషిన్లకీ గదికీ లోను మొత్తం పెట్టేసి, సరుకు కొనడానికి రోజువారీ వడ్డీకి తెచ్చుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఆ వడ్డీ ముందు 81 రూపాయల మార్జిన్ నిలవదు.

6. నెలవారీ పట్టిక: ప్లాన్‌కి గుండెకాయ

ఒక పేజీ అడ్డంగా తిప్పి పన్నెండు గడులు గీయండి. ఒక్కో నెలకి నాలుగు వరసలు: నెల మొదట చేతిలో ఉన్నది, వచ్చింది, పోయింది, నెలాఖరుకి మిగిలింది. అమ్మిన రోజున కాకుండా డబ్బు చేతిలో పడిన రోజున "వచ్చింది"లో రాయాలి.

మన లెక్క ఇలా నడుస్తుంది. మొదటి నెల 2,65,000తో మొదలు. వచ్చింది సున్నా. పోయింది 1,75,270. మిగిలింది 89,730. రెండో నెల: మొదటి నెల తొలి సగంలో అమ్మిన 300 సీసాల డబ్బు 90,000 వస్తుంది, మళ్ళీ 1,75,270 పోతుంది. మిగిలింది 4,460.

నాలుగు వేల నాలుగు వందల అరవై. యూనిట్ బాగా నడుస్తోంది, సరుకంతా అమ్ముడవుతోంది, అయినా చేతిలో ఉన్నది ఇంతే. ఒక్క షాపు ఇరవై వేలు వారం ఆలస్యం చేస్తే కిస్తీ బౌన్స్. ఈ టెన్షన్ కాగితం మీదే పడితే మంచిది, అప్పుడు దాన్ని సరిచేయవచ్చు. అరువు 45 రోజుల నుంచి 30కి తగ్గించగలిగితే రెండో నెలాఖరుకి మిగిలేది 94,460. నగదు ఇచ్చే షాపుకి సీసాకి ఐదు రూపాయలు తగ్గించి ఇవ్వండి, గిట్టుబాటే. లేదా మొదటి రెండు మూడు నెలలు కిస్తీ లేకుండా గడువు ఇవ్వమని బ్యాంకుని అడగండి. ఆ గడువులోనూ వడ్డీ నడుస్తుందని మరిచిపోకండి.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. కార్తీక మాసంలో నీచు ముట్టని ఇళ్ళు ఎన్నో, ఆ తర్వాత అయ్యప్ప మాలలు. అదే సమయంలో మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానులు. ఆ నెల అమ్మకం సగమే, 300 సీసాలు అని వేయండి. మిగిలేది 24,300, కావాల్సింది 43,870. లోటు 19,570. సంక్రాంతికి ఊళ్ళకి వచ్చినవాళ్ళు, వేసవి సెలవులకి వచ్చి అమెరికా తిరిగి వెళ్ళేవాళ్ళు పచ్చళ్ళు కట్టించుకుంటారు కాబట్టి జనవరి, మే నెలల్లో పెంచి రాయండి. ఏడాది మొత్తం అదే 7,200 సీసాలు అయినా, నెలల వారీగా పంచితే లోటు ఎప్పుడొస్తుందో ముందే కనబడుతుంది. పొగాకు రైతులు ఎక్కువగా ఉన్న టంగుటూరు, కొండపి వైపు షాపు పెట్టేవాళ్ళయితే వేలం డబ్బులు చేతికొచ్చే నెలలూ, రాని నెలలూ వేరువేరుగా చూసుకోవాలి.

7. డబ్బు ఎక్కడి నుంచి

దీని మీద ఫోన్లు ఎక్కువ వస్తాయి కానీ చెప్పేది తక్కువే.

ముద్రా లోన్లు: శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తరుణ్ లోను సరిగ్గా తీర్చినవాళ్ళకి 2024 నుంచి తరుణ్ ప్లస్ పేరుతో 20 లక్షల వరకు. మన యూనిట్ కిశోర్‌లో సరిపోతుంది.

పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం): కొత్త యూనిట్లకే. 2022లో పెంచిన పరిమితి ప్రకారం తయారీకి 50 లక్షలు, సేవలకి 20 లక్షల ప్రాజెక్టు వరకు. సబ్సిడీ జనరల్ వాళ్ళకి టౌన్లలో 15, పల్లెల్లో 25 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ తదితరులకి 25, 35 శాతం. మీ వాటా 10 శాతం, ఈ రెండో వర్గం వాళ్ళకి 5 శాతం. ఆ సబ్సిడీ మీ చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది.

పీఎంఎఫ్ఎంఈ: 2020లో మొదలైన ఈ పథకం చిన్న ఆహార తయారీ యూనిట్లకి. 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు.

పథకాల గడువులు, షరతులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకి ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి ఒకసారి వెళ్ళి రండి. నా మాట ఒకటి వినండి: పట్టికలో సబ్సిడీని వేయకండి. అది లేకుండా నిలబడే లెక్కే చూడండి. సబ్సిడీ కోసం ప్రాజెక్టుని రెట్టింపు చేసి, అక్కర్లేని మెషిను కొని, దానికి టార్పాలిన్ కప్పి ఉంచిన షెడ్డులు మన దగ్గర ఉన్నాయి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, ఉచితం. ప్రభుత్వ వెబ్‌సైటులో ఆధార్, పాన్‌తో మీరే చేసుకోవచ్చు. వెయ్యి, రెండు వేలు అడిగే ఏజెంట్లకి ఇవ్వకండి. మన 5 లక్షల లాంటి చిన్న పరిశ్రమల లోన్లకి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం. ఈ మాట బ్యాంకులో మర్యాదగా గుర్తుచేయవచ్చు.

8. మనుషులు, కాగితాలు

పార్ట్‌నర్ ఉంటే ఎవరు ఎంత పెడుతున్నారు, ఎవరు ఏ పని చేస్తారు, ఒకరు తప్పుకుంటే ఎలా లెక్క తేల్చుకోవాలి అన్నది ఒక పేజీ రాసి ఇద్దరూ సంతకం చేయండి. బావ, మేనమామ, చిన్నప్పటి స్నేహితుడు, ఎవరైనా సరే. మా బావా నేనూ ఆ పని చేయలేదు, రెండేళ్ళు మాటల్లేవు.

పచ్చడి సీసా మీద తయారీ తేదీ, బ్యాచి నంబరు, ఎప్పటిలోపు వాడాలో, నికర బరువు, ఏమేం కలిపారో ఉండాలి. మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం గుర్తు వేయాలి. రొయ్య పడనివాళ్ళుంటారు కాబట్టి ఆ సంగతి కూడా లేబుల్ మీద రాయాలి. ఎన్ని నెలలు నిల్వ ఉంటుందో ల్యాబు పరీక్ష చేయించే రాయండి, అమ్మమ్మ చేసినప్పుడు ఏడాది నిలిచిందని కాదు.

9. ఇప్పుడు వరసగా రాసేయండి

నాలుగు వాక్యాలు, మీ అనుభవం, షాపుల సర్వే, సీసా లెక్క, నెల ఖర్చు, మొత్తం పెట్టుబడి, పన్నెండు నెలల పట్టిక, ఆ తర్వాత రెండేళ్ళ అంచనా, వెనక కొటేషన్లు. పది పన్నెండు పేజీలు చాలు. లోను అక్కర్లేకపోతే మూడు, నాలుగు, ఆరు మెట్లు మాత్రం ఒకే పేజీలో రాసుకోండి. ఆడిటర్ చేత బ్యాంకు పద్ధతిలో టైపు చేయించుకోవడం తప్పేం కాదు. అంకెలు మాత్రం మీ నోటుబుక్కులోవే ఉండాలి.

ఇంకా ఎక్కువగా జరిగే తప్పులు

రెండో ఏడాది అమ్మకం రెట్టింపు, మూడో ఏడాది మూడింతలు అని రాయడం. ఎందుకు పెరుగుతుందో రాయలేకపోతే పెంచకండి.

పక్క జిల్లా వాళ్ళ రిపోర్టులో పేరు మార్చి ఇవ్వడం. ఒకసారి ఒంగోలు కుర్రాడి డెయిరీ రిపోర్టు చూశాను. తొమ్మిదో పేజీలో "కోళ్ళ దాణా" అని ఉంది. మేనేజరు ఆ పేజీ దగ్గరే ఆగిపోయారట. కుర్రాడు నిజంగా పాడి తెలిసినవాడు, ఆ ఒక్క కాగితం వల్ల ఆరు నెలలు వెనకబడ్డాడు.

ఒక్క కొనుగోలుదారు మీద నిలబడటం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు ఎంత ఇబ్బంది పడ్డారో మన కళ్ళముందే చూశాం. మీ అమ్మకంలో మూడో వంతుకి మించి ఒకే షాపు, ఒకే కంపెనీ ఉంటే, అది ఆగిపోతే ఏం చేస్తారో ప్లాన్‌లో రాయండి.

ఎదుటివాడు 250కి ఇస్తున్నాడని మీరూ 250 వేయడం. మీ ఖర్చు 219 అయినప్పుడు మిగిలేది 31, అమ్మాల్సినవి 1,400 పైనే. ముందు మూడో మెట్టు, తర్వాతే ధర.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

ముడిసరుకు ధర పావు వంతు పెంచి చూడండి. రొయ్య 320 నుంచి 400 అయితే సీసా ఖర్చు 252.50, మిగిలేది 47.50, అమ్మాల్సిన సీసాలు 542 నుంచి 924కి ఎగబాకుతాయి. మన 600 సీసాల ప్లాన్ దీన్ని తట్టుకోలేదు. కాబట్టి ధర తక్కువున్నప్పుడు రొయ్యలు కొని వలిచి ఫ్రీజరులో పెట్టడమో, చికెన్, గోంగూర పచ్చళ్ళు కూడా చేయడమో ముందే ఆలోచించి రాయాలి.

తర్వాత బ్యాంకు చూసే లెక్క మీరే చూడండి. కిస్తీ కట్టకముందు నెలకి మిగిలేదాన్ని కిస్తీతో భాగించండి. 600 సీసాలకి 48,600 లోంచి 33,000 తీసేస్తే 15,600. దాన్ని 10,870తో భాగిస్తే సుమారు 1.4. సాధారణంగా 1.5 దగ్గరా ఆపైనా ఉంటే బ్యాంకుకి ధైర్యం. సీసా 310కి ఇవ్వగలిగితే అదే లెక్క దాదాపు 2 అవుతుంది. పది రూపాయలు ఎంత పని చేస్తాయో చూడండి.

ఇక ప్లాన్‌ని ఇంట్లో అంకెలంటే గట్టి మనిషి చేతికివ్వండి. మా ఇంట్లో ఆ మనిషి మా అక్క. ఆమె ప్రతి వరస దగ్గరా "ఇదెక్కడి నుంచి వచ్చింది?" అని అడుగుతుంది. కొటేషన్, షాపు పేరు, తక్కెట, వీటిలో ఏదో ఒకటి చూపించగలిగిన వరస ఉంచండి. చూపించలేని వరస పక్కన పెన్సిలుతో సున్నా చుట్టి, రేపు పొద్దున్నే దాన్ని కనుక్కోవడానికి బయల్దేరండి.

యూనిట్ మొదలయ్యాక ప్రతి నెలా ఐదో తారీఖున అదే పట్టికలో పక్క గడిలో అసలు అంకెలు రాయండి. వరసగా రెండు నెలలు అసలు అంకె ప్లాన్ కంటే ఐదో వంతు తగ్గితే మూడో నెల కోసం ఎదురు చూడకుండా మూడో మెట్టుకి తిరిగి వెళ్ళండి. కిస్తీ తప్పేలా ఉందనిపిస్తే తప్పకముందే బ్యాంకుకి ఈ నోటుబుక్కు పట్టుకుని వెళ్ళండి.